పదిహేను డిగ్రీల గొడవ: చురుకైన పిల్లలతో ఏడాది పాటు చేసిన ఒక ప్రాజెక్టు

ప్రైమరీ స్కూల్లో ప్రాజెక్టు అనగానే చాలాచోట్ల జరిగేది ఒకటే. టాపిక్ ఇస్తారు, ఇంటి దగ్గర చార్టు చేసుకురమ్మంటారు, అమ్మానాన్నలు రాత్రంతా కూర్చుని అతికిస్తారు, పొద్దున గోడకు తగిలిస్తారు. చేతిపనిగా అది బాగానే ఉంటుంది. కానీ అందులో పిల్లలు తేల్చాల్సిన విషయం ఏదీ ఉండదు. జవాబు పుస్తకంలో ముందే ఉంది, దాన్ని రంగుల్లో తిరగరాయడమే పని. ఏదైనా ఇట్టే పట్టేసే పిల్లలకు దీనివల్ల నష్టం కూడా ఉంది. మొదటి చూపుకే తేలిపోనిది ఏదీ తమ దాకా రాదన్న అలవాటు వాళ్లలో ఇంకా గట్టిపడుతుంది.

ఇక్కడ రాస్తున్నది మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా చదివే ఆరుగురు పిల్లలతో ఒక విద్యా సంవత్సరం పాటు చేసిన పని గురించి. స్కూలు గ్రౌండులో నీడ గడియారం కట్టడం. కొత్త ఐడియా ఏమీ కాదు, కొలతలతో సహా నెట్‌లో దొరుకుతుంది. అయినా దీన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఇందులో పిల్లల పని దిద్దేది ఎండ. గీత తప్పు గీస్తే నీడ దాని మీద పడదు. మాటలతో నెగ్గుకురావడానికి కుదరదు, టీచర్ ముఖం చూసి జవాబు కనిపెట్టడానికీ కుదరదు. చురుకైన పిల్లల్లో చాలామందికి ఈ రెండు విద్యలూ బాగా వచ్చు.

ఎవరీ ఆరుగురు

మార్కుల లిస్టు పైనుంచి ఆరుగురిని తీసుకుంటే పని సులువుగా అయిపోయేది. కానీ ప్రతిభ గల పిల్లల చదువు మీద ఎక్కువ కాలం పని చేసిన జోసెఫ్ రెంజుల్లీ 1978లోనే ఒక మాట చెప్పాడు. సగటు కంటే ఎక్కువ సామర్థ్యం, పట్టుకున్న పనిని వదలని పట్టుదల, కొత్తగా ఆలోచించే గుణం, ఈ మూడూ కలిసిన చోట ప్రతిభ బయటికొస్తుందని. మార్కులు మొదటిదాన్ని మాత్రమే, అదీ కొంతవరకే పట్టుకుంటాయి. అందుకే క్లాసు టీచర్లను నేను అడిగిన ప్రశ్న వేరు: "మీ క్లాసులో ఏదో ఒక విషయం పట్టుకుని మిమ్మల్ని విసిగించేది ఎవరు?"

అలా వచ్చిన వాళ్లలో నలుగురి గురించి చెప్తాను. పేర్లు రాయను. నాలుగో తరగతి అమ్మాయి ఒకతె, లెక్కల పిల్ల అందాం. ఆరో తరగతి లెక్కలు చేసేస్తుంది, ఒక్కటి తప్పు పోయిందంటే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఐదో తరగతి అబ్బాయి ప్రశ్నల పిల్లాడు. మార్కులు అంతంత మాత్రం. నోట్సులు ఎప్పుడూ సగమే ఉంటాయి, కానీ ఫ్యాను రెగ్యులేటర్ ఎలా పనిచేస్తుందో గంటసేపు చెప్పగలడు. అదే తరగతిలో ఇంకో అమ్మాయి మాటకారి. ఎవరినైనా ఒప్పించేస్తుంది, తనకు తెలియని విషయంలో కూడా. మూడో తరగతి చిన్నోడు అస్సలు మాట్లాడడు, బొమ్మలు వేస్తాడు. మిగతా ఇద్దరూ నాలుగో తరగతి స్నేహితులు, ఒకళ్లను వదిలి ఒకళ్లు ఉండరు. లెక్కలు రాసిపెట్టే ఓపిక ఆ ఇద్దరికే ఉందని తర్వాత తెలిసింది.

ఇలాంటి పిల్లల్లో ఎదుగుదల అన్ని వైపులా సమానంగా ఉండదు. 1991లో కొలంబస్ గ్రూపు అనే బృందం ప్రతిభను నిర్వచించింది కూడా ఈ అసమానతతోనే. చిన్నోడి బుర్రలో ఉన్నది వాడి చేయి రాయలేదు. లెక్కల పిల్లకు పన్నెండేళ్ల పిల్లల ఆలోచన, తొమ్మిదేళ్ల పిల్లల ఏడుపు. ప్రాజెక్టు ప్లాన్ చేసేటప్పుడు ఇది కాగితం మీద పెట్టుకోవాలి. రోజూ రాయాల్సిన లాగ్‌బుక్కు చిన్నోడికి బొమ్మల పుస్తకంగా మారింది. ప్రశ్నల పిల్లాడు తన వంతు నోటితో చెప్తే రికార్డు చేశాం.

టైము ఎక్కణ్ణుంచి వచ్చింది

ప్రతిభ గల పిల్లల కోసం పెట్టే ప్రోగ్రాములు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. మామూలు పని మొత్తం చేయించి, పైన ఇంకో పని వేస్తారు. పిల్లల దృష్టిలో అది బాగా చదివినందుకు పడిన శిక్ష. దీనికి రెంజుల్లీ, ఆయన సహచరులు సూచించిన మార్గం వచ్చిన పాఠాన్ని మళ్లీ చేయించకుండా కుదించడం. 1993లో శాలీ రీస్ బృందం చేసిన అధ్యయనంలో, ఎంపిక చేసిన పిల్లలకు కొన్ని సబ్జెక్టుల్లో పాఠాల్లో 40 నుంచి 50 శాతం దాకా తీసేయొచ్చని తేలింది. తీసేసినా పరీక్షల్లో వాళ్లు వెనకబడలేదు.

మేం చేసింది మామూలు పనే. ప్రతి లెక్కల యూనిట్‌కూ ముందుగా చివరి టెస్టు పెట్టేశాం. వచ్చిన పాఠాలకు మినహాయింపు, రాని వాటికి క్లాసులో కూర్చోవడం. ప్రశ్నల పిల్లాడికి భిన్నాల దగ్గర మినహాయింపు దొరకలేదు, ఆ పీరియడ్లు వాడు క్లాసులోనే ఉన్నాడు. దీని గురించి క్లాసు టీచర్లతో ముందే కూర్చుని మాట్లాడుకోకపోతే నెల తిరక్కుండా గొడవలు మొదలవుతాయి. వాళ్ల క్లాసులో మంచి పిల్లలను మనం ఎత్తుకుపోతున్నట్టు ఉంటుంది మరి.

ప్రశ్న

గ్రౌండులో ఆడుకునే పిల్లలకు గోడ గడియారం కనిపించదు. బ్రేక్ ఎంతసేపు మిగిలిందో తెలియదు. అందుకని ప్రశ్న ఇలా పెట్టుకున్నాం: కరెంటూ బ్యాటరీ లేకుండా, రెండో తరగతి పిల్లలు కూడా చూసి టైము చెప్పగలిగేది గ్రౌండులో కట్టగలమా? ఎంత తేడా ఉంటే ఫర్వాలేదని నేను అడిగితే పిల్లలు చాలాసేపు కొట్లాడుకుని 5 నిమిషాల దగ్గర ఆగారు. అంతకంటే తేడా వస్తే బ్రేక్ అయిపోయాక కూడా ఆడుకుంటూ ఉండిపోతారని మాటకారి వాదన.

ఆ 5 నిమిషాలు వాళ్లే పెట్టుకున్న హద్దు కావడం తర్వాత చాలా పనికొచ్చింది. "ఇక చాల్లే, బాగానే ఉంది కదా" అని ఎవరైనా అన్నప్పుడల్లా ఇంకొకరు ఆ అంకె గుర్తుచేసేవారు. 1918లో ప్రాజెక్టు పద్ధతి గురించి రాసిన విలియం కిల్పాట్రిక్ మనసుపెట్టి, ఒక ఉద్దేశంతో చేసే పనినే ప్రాజెక్టు అన్నాడు. ఉద్దేశం పిల్లలదే అయినప్పుడు టీచర్ పదే పదే వెంటపడాల్సిన అవసరం తగ్గుతుంది. ఆయన పద్ధతి మీద అప్పట్నుంచీ ఉన్న విమర్శ, క్రమంగా నేర్పాల్సినవి జారిపోతాయని. ఆ విమర్శలో నిజం ఉంది. ఎక్కాలు, స్పెల్లింగులు, కోణమానిని పట్టుకునే తీరు ప్రాజెక్టులో వాటంతట అవి రావు. వాటిని విడిగా కూర్చోబెట్టి నేర్పడమే తేలిక.

కర్ర, నీడ, పదిహేను డిగ్రీలు

మొదటి రోజుల్లో అందరూ అనుకున్నది ఒకటే. నిలువుగా కర్ర పాతడం, గంటగంటకూ నీడ చివర గులకరాయి పెట్టడం, రాళ్ల పక్కన అంకెలు రాయడం. లెక్కల పిల్లకు అది కూడా దండగ అనిపించింది. సూర్యుడు రోజుకు 360 డిగ్రీలు తిరుగుతాడు, 24 గంటలు, కాబట్టి గంటకు 15. ఎండలో నిలబడి కాపలా కాయడం దేనికి, కోణమానినితో గీసేస్తే పోలేదా అంది. గీసేసింది కూడా. గీతలన్నీ సమానంగా, చక్కగా వచ్చాయి.

నీడ ఆ గీతలను పట్టించుకోలేదు. పొద్దున ఒక వేగంతో, మధ్యాహ్నం దగ్గర ఇంకో వేగంతో జరిగింది. మధ్యాహ్నానికి ఆమె కర్ర పక్కన కూర్చుని, కోణం మళ్లీ కొలిచి, ఎర్రబడిన ముఖంతో, "నీడ తప్పు, టీచర్" అంది.

ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదే. ఆమె భాగహారం తప్పు కాదు. భూమి నిజంగానే గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. అయితే ఆ 15 డిగ్రీలు ఏ తలం మీద సమానంగా కనిపిస్తాయన్నది వేరే ప్రశ్న, ఆమెకు అది తట్టలేదు. అలాంటప్పుడు "నువ్వు చాలా తెలివైనదానివి, నీకొచ్చేస్తుందిలే" అనడం పెద్దవాళ్ల నోటికి తేలిగ్గా వస్తుంది. 1998లో క్లాడియా ముల్లర్, కెరల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు గుర్తుపెట్టుకుని ఆ మాట అనకుండా ఆగాను. తెలివిని మెచ్చుకున్న పిల్లలు, కష్టమైన పజిళ్ల దగ్గర తడబడ్డాక, శ్రమను మెచ్చుకున్న పిల్లల కంటే వాటిని కొనసాగించడానికి తక్కువ ఇష్టపడ్డారు, తర్వాతి పజిళ్లలోనూ వెనకబడ్డారు. నేను అడిగింది ఒక్కటే: "నీడ ఎక్కడెక్కడ నీ లెక్క కంటే ముందుంది, ఎక్కడ వెనకుంది?" దానికి కొలవాలి. కొలిచే పనిలో పడ్డాక ఏడుపు దానంతటదే ఆగింది.

ఇంకొన్ని వారాలకు స్నేహితులిద్దరూ ఇంకో సంగతి పట్టుకున్నారు. మొదట్లో పెట్టిన గులకరాళ్లు కూడా ఇప్పుడు పనిచేయడం లేదు. మధ్యాహ్నం రాయి దాదాపు సరిగానే ఉంది, పొద్దుటివీ సాయంత్రానివీ తప్పాయి. అంటే నిలువు కర్ర పద్ధతిలోనే ఏదో లోపం ఉందన్నమాట. పాతిన కర్రను పీకేయాల్సి వస్తుందని తెలిసి మాటకారి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు

ఈ దశలో చాలామంది టీచర్లు అడిగే ప్రశ్న: ఎంత సాయం చేయాలి? పాల్ కిర్షనర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ 2006లో రాసిన వ్యాసం ఈ విషయంలో గట్టిగానే మాట్లాడింది. విషయం మీద పునాది లేనివాళ్లను మార్గదర్శనం లేకుండా వదిలేస్తే నేర్చుకోవడం కష్టమవుతుందని వాళ్ల వాదన. చురుకైన పిల్లలకు ఇది వర్తించదని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. ఈ పిల్లలు వేగంగా నేర్చుకుంటారు, నిజమే. కానీ ఖగోళం విషయంలో వాళ్లూ కొత్తవాళ్లే. వేగాన్ని చూసి అనుభవం ఉందనుకోవడం ఈ రంగంలో అందరూ పడే గుంట.

అందుకని నేనొక గీత గీసుకున్నాను. మనుషులు పెట్టుకున్న పద్ధతులు, పనిముట్లు అయితే నేరుగా చెప్పేశాను. కోణమానిని ఎలా పట్టుకోవాలి, ఒకే కొలత మూడుసార్లు తీసి సగటు ఎందుకు తీయాలి, పట్టికలో తేదీ ఎక్కడ రాయాలి వంటివి. కర్ర దగ్గర ఉత్తర దక్షిణాలు కనిపెట్టే పద్ధతీ చెప్పేశాను. దిక్సూచి చూపించేది అయస్కాంత ధ్రువాన్ని, దాంతో కొన్ని డిగ్రీల తేడా రావచ్చు. సూర్యసిద్ధాంతంలో ఉన్న పద్ధతి ఇంతకంటే నమ్మకం. చదును చేసిన నేల మీద వృత్తం గీసి, నడిమధ్య పన్నెండు అంగుళాల (ఇక్కడ అంగుళం అంటే వేలి వెడల్పు) శంకువు, అంటే నిలువు కర్ర, నిలబెట్టాలి. పొద్దున నీడ చివర వృత్తాన్ని తాకిన చోటు ఒకటి, మధ్యాహ్నం దాటాక తాకిన చోటు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ రెంటినీ కలిపితే తూర్పు పడమరలు వస్తాయి. ఇదంతా పిల్లలే కనిపెట్టాలని కూర్చుంటే ఏడాది అక్కడే అయిపోతుంది.

చెప్పనిది ఒక్కటే. కర్ర వాలాలన్న సంగతి. అది వాళ్లు పట్టుకోగలిగిన దూరంలోనే ఉంది.

అగ్గిపుల్లలు

ఒక గ్లోబు, టార్చి, కాస్త బంకమట్టి, అగ్గిపుల్లలు బల్ల మీద పెట్టి, గదిలో లైటు ఆర్పేశాను. భూమి మీద ఏ చోట నిలువు కర్ర పాతితే నీడ సమానంగా తిరుగుతుందో చూడమన్నాను. మాటకారి భూమధ్యరేఖ మీద పందెం కట్టింది. పుల్ల నిలబెట్టి గ్లోబు తిప్పితే నీడ పొడుగ్గా మొదలై, కుదించుకుపోయి, అవతలి వైపు పొడుగైంది. సమానంగా తిరగడం అన్న మాటే లేదు. ప్రశ్నల పిల్లాడు ధ్రువం మీద పెట్టాడు. గ్లోబు ఒంపును టార్చి వైపు తిప్పాక ధ్రువం మీద వెలుగు పడింది, పుల్ల నీడ గడియారం ముల్లులా ఒకే పొడవుతో, ఒకే వేగంతో చుట్టూ తిరిగింది.

"అయితే మనం ధ్రువానికి పోవాలా?" అన్నాడు స్నేహితుల్లో ఒకడు. అందరూ నవ్వారు.

చిన్నోడు నవ్వలేదు. ఇంకో అగ్గిపుల్ల తీసుకుని, మేముండే చోట మట్టిలో గుచ్చాడు. నిలువుగా గుచ్చలేదు. ధ్రువం మీది పుల్ల ఎటు చూస్తోందో సరిగ్గా అటే చూసేలా వాల్చి పెట్టాడు. రెండు పుల్లల మధ్య వేలు పెట్టి ఇటూ అటూ జరిపి సమాంతరంగా ఉన్నాయో లేదో సరిచూసుకున్నాడు. ఒక్క మాట కూడా అనలేదు. ప్రశ్నల పిల్లాడు కాసేపు దాన్నే చూసి, "ఒరేయ్, ధ్రువాన్నే ఇక్కడికి తెచ్చేశాడురా" అన్నాడు.

నేల నుంచి ఆ కర్ర ఎన్ని డిగ్రీలు లేవాలన్నది తర్వాత వచ్చిన ప్రశ్న. అది ఆ చోటి అక్షాంశంతో సమానమని గ్లోబు మీద రెండు మూడు చోట్ల కొలిచి తేల్చుకున్నారు. ఇక కర్రకు అడ్డంగా, లంబకోణంలో గుండ్రటి అట్ట తొడిగితే, ఆ అట్ట మీద గంట గీతలు సరిగ్గా 15 డిగ్రీల ఎడంలో ఉంటాయి. లెక్కల పిల్ల పాత కాగితమే తెచ్చి అతికించింది. ఆమె లెక్క సరైనదే, తప్పు తలం మీద గీసిందంతే. ఆ సంగతి తనే చెప్పింది, నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆరు గంటల దారం

అట్ట గడియారం కొన్నాళ్లు బాగా పనిచేసింది. సెప్టెంబరు మూడు, నాలుగు వారాలు వచ్చేసరికి నీడ పలచబడి అట్ట మీద కనిపించకుండా పోయింది. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో సూర్యుడు ఆ అట్ట తలంలోకే వస్తాడు, ఎండ అంచు మీద మాత్రమే పడుతుంది. ఆ తర్వాత ఆరు నెలలు అట్టకు రెండో వైపు పడుతుంది. రెండో తరగతి పిల్లలు అట్ట కిందికి వంగి టైము చూడాలంటే కుదిరే పని కాదు. నేల మీద గీతలే కావాలి.

ఇక్కడ హైస్కూలు పిల్లలకైతే త్రికోణమితి సూత్రం ఒకటి ఇచ్చి ఊరుకోవచ్చు. తొమ్మిదేళ్ల పిల్లలకు దారం ఇచ్చాను. కర్రకూ అట్టకూ కలిసే చోట దారం కట్టి, అట్ట అంచు మీద ఒక గంట గీత మీదుగా తిన్నగా లాగి, నేలను తాకిన చోట మేకు దిగ్గొట్టాలి. ఆ మేకు నుంచి కర్ర మొదలు దాకా గీత గీస్తే అదే నేల మీద ఆ గంట గీత. ఒకరు కర్ర పట్టుకోవాలి, ఒకరు దారం లాగాలి, ఒకరు పక్కనుంచి దారం అట్టకు ఆనుకుని ఉందో లేదో చూడాలి, ఒకరు మేకు కొట్టాలి. ఎవరికి వారే గొప్ప అనుకునే ఆరుగురికి ఇంతకంటే మంచి పని దొరకదు. నేను గ్రూపు వర్క్ మీద ఒక్క ఉపన్యాసం కూడా ఇవ్వలేదు.

పదకొండు, ఒంటి గంట, రెండు, అన్నీ దగ్గర్లోనే నేలను తాకాయి. నాలుగు గంటల దారం దూరం పోయింది. ఐదు గంటల దారం ఇంకా దూరం, కొత్త దారపుండ తేవాల్సి వచ్చింది. ఆరు గంటలది అసలు కిందికే దిగలేదు. నేలకు అంతే ఎత్తులో అలా పోతూనే ఉంది.

"ఇంకొంచెం లాగితే తాకుతుంది," అన్నాడు ఒకడు. గ్రౌండు గోడ దాకా పోయారు, తాకలేదు. లెక్కల పిల్ల దారం కింద రెండు చోట్ల స్కేలు పెట్టి ఎత్తు కొలిచింది. ఒకటే వచ్చింది. "ఎప్పటికీ తాకదా?" అని అడిగింది. సమాంతర రేఖలు పుస్తకంలో ఆమెకు ఎప్పుడో వచ్చేశాయి, నిర్వచనం ఒప్పచెప్పేస్తుంది. కానీ ఎంత దూరం పోయినా కలవదంటే ఏమిటో దారం చివర పట్టుకుని నిలబడితే గానీ పట్టుబడలేదు. మరి ఆరు గంటల గీత నేల మీద ఎక్కడ గీయాలి? ప్రశ్నల పిల్లాడు కర్ర మొదట్లో ఆ దారానికి సమాంతరంగా ఇంకో దారం పరిచాడు. అదే తూర్పు పడమరల గీత అయింది. ఇది సరైన జవాబే.

బోర్డు

గడియారం పక్కన ఎలా చూడాలో చెప్పే బోర్డు మాటకారి రాసింది. మొదటి రాతలో అక్షాంశం, భూమి ఇరుసు, అన్నీ ఉన్నాయి. రెండో తరగతి పిల్లల్ని పిలిచి చదివించాం, ఒక్కరికీ ఎక్కలేదు. విమర్శకు మేం పెట్టుకున్న షరతులు మూడు: నొప్పించకూడదు, ఎక్కడ అర్థం కాలేదో వేలు పెట్టి చూపించాలి, బాగుచేయడానికి పనికొచ్చేలా ఉండాలి. ఒక చిన్నపాప "ఇరుసు" అన్న చోట వేలు పెట్టి, ఇది తీసేస్తే బాగుంటుంది అంది. చివరికి బోర్డు మీద మిగిలినవి రెండు వాక్యాలు, చిన్నోడు వేసిన ఒక బొమ్మ.

అరగంట

నవంబరు మొదటి వారంలో గడియారం తెరిచారు. వాచీతో పోలిస్తే అన్ని గీతలూ ఒకే లెక్కన తేడా చూపిస్తున్నాయి. అందులో కొంత ఎందుకో లెక్కల పిల్ల తేల్చింది. వాచీలో ఉండేది దేశం మొత్తానికీ పెట్టుకున్న టైము, ఏదో ఒక రేఖాంశానిది. ఆ రేఖాంశం నుంచి ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు తేడా వస్తుంది. మిగతాది కొలతల్లో తప్పని సరిపెట్టుకుని, ఎన్ని నిమిషాలు సర్దుకోవాలో బోర్డు మీద రాశారు. సంబరంగా ఫొటోలు తీసుకున్నారు. స్నేహితులిద్దరికీ ఎండ ఉన్న ప్రతి మధ్యాహ్నం ఒకసారి సరిచూసి రాసే పని అప్పజెప్పాను.

చాలా ప్రాజెక్టులు ప్రారంభోత్సవంతో ఆగిపోతాయి. ఇది ఆగకపోవడమే మా అదృష్టం. డిసెంబరు చివరికి రోజుకు సుమారు అర నిమిషం చొప్పున గడియారం జారుతోంది. ఫిబ్రవరి రెండో వారానికి నవంబరుతో పోలిస్తే సుమారు 30 నిమిషాలు తేడా. 5 నిమిషాల హద్దు ఎటో పోయింది.

మొదట "ఎవరో కదిపేశారు" అన్నారు. ఫుట్‌బాల్ ఆడే పెద్దపిల్లల మీద అనుమానం. ఉత్తర దక్షిణాల గీత మళ్లీ కొలిస్తే కర్ర కదల్లేదు. తర్వాత వాచీ మీద పడ్డారు. ప్రశ్నల పిల్లాడు పట్టిక అడిగి తీసుకుని, గ్రాఫు కాగితం మీద ఒక్కో రోజుకు ఒక్కో చుక్క పెట్టాడు. ఎవరైనా తన్ని కదిపితే చుక్కలు ఒక్కచోట ఎగిరిపడాలి. ఇవి నున్నటి వంపులో దిగుతున్నాయి. "ఇది మనిషి చేసింది కాదు," అన్నాడు. నోట్సులు సగంలో వదిలేసే పిల్లాడు ఆ గ్రాఫును నాలుగు రోజులు ఇంటికి కూడా తీసుకెళ్లాడు.

గ్రాఫు వచ్చాకే నేను నోరు విప్పాను. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి కచ్చితమైన వృత్తం కాదు. జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా, జూలైలో దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా పోతుంది. దీనికి ఇరుసు వాలు, సుమారు 23.4 డిగ్రీలు, తోడవుతుంది. రెండూ కలిసి నీడ గడియారాన్ని నవంబరు మొదట్లో వాచీ కంటే సుమారు 16 నిమిషాలు ముందుకూ, ఫిబ్రవరి మధ్యలో సుమారు 14 నిమిషాలు వెనక్కూ నెడతాయి. ఖగోళ పట్టికల్లో అచ్చయిన అంకెలతో వాళ్ల చుక్కలు పక్కపక్కన పెడితే తేడా ఎక్కువచోట్ల రెండు మూడు నిమిషాలే. నవంబరులో సరిపెట్టుకున్న "కొలతల్లో తప్పు" కూడా ఇదేనని లెక్కల పిల్ల పాత కాగితం తీసి చూపించింది.

ఇదే సంగతిని పాఠంగా చెప్పి ఉంటే పది నిమిషాలు పట్టేది, పది రోజుల్లో మర్చిపోయేవారు. అంతకంటే ముఖ్యంగా, భూమి వేగం మారుతుందన్న మాటకు వాళ్ల దగ్గర సొంత సాక్ష్యం ఉంది.

మార్కుల సంగతి

గడియారానికి మార్కులు వేయలేదు. ఆరుగురు కట్టినదానికి మార్కులు వేస్తే ఎవరు ఏం నేర్చుకున్నారో ఏమీ తెలియదు. ఒక్కొక్కరినీ విడిగా గ్రౌండులోకి తీసుకెళ్లి ఏదో ఒక గీత మీద కాలు పెట్టి, "ఇది ఇక్కడే ఎందుకుంది? ఇంకాస్త అటు ఉంటే ఏమయ్యేది?" అని అడిగాను. మాటకారి మొదటిసారి చెప్పిన జవాబు వినసొంపుగా ఉంది, విషయం లేదు. బోర్డు రాసింది తనే, అయినా కర్ర ఎందుకు వాలిందో చెప్పలేకపోయింది. గ్లోబు దగ్గరికి మళ్లీ పంపాను. రెండోసారి తక్కువ మాటల్లో చెప్పింది. విడిగా అడక్కపోతే ఆమె ఏడాదంతా అందరికంటే బాగా అర్థమైన పిల్లగానే చెలామణీ అయ్యేది. చిన్నోడు మాటలకు బదులు రెండు పెన్సిళ్లు పట్టుకుని చూపించాడు, పూర్తి మార్కులకు అది చాలు.

అమ్మానాన్నలతో వేరే తంతు. "మా పాపకు లెక్కలు ఎప్పుడో వచ్చేశాయి కదా, ఈ కర్రలూ దారాలూ దేనికండీ?" అని ఒకరు అడిగారు. ఆమె లాగ్‌బుక్కులో తప్పుపోయిన కొలతల పేజీలు చూపించాను. మొదటి పేజీల్లో రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిరిగిపోయింది. జనవరి పేజీల్లో తప్పు కొలతల మీద ఒక అడ్డగీత, పక్కన కారణం. ఆ తండ్రికి నచ్చిందో లేదో తెలియదు గానీ పాపను ఆపలేదు.

అందరికీ ఒకేలా ఫలితం రాలేదు. స్నేహితుల్లో ఒకడికి కొలతల పని తప్ప మరేదీ పట్టలేదు, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. వచ్చే ఏడాది అతనికి ఇదే గ్రూపు సరిపోతుందా, సొంతంగా ఇంకేదైనా ఇవ్వాలా అన్నది క్లాసు టీచరుతో మాట్లాడుతున్నాను.

గ్రాఫులో మార్చి నుంచి అక్టోబరు దాకా పట్టిక చూసి గీసిన సన్నటి పెన్సిలు గీత మాత్రమే ఉంది, సొంత చుక్కలు పడాలి. సెలవుల్లో ఎవరు కొలుస్తారన్నది ఇంకా తేలలేదు. ఐదో తరగతి వాళ్లిద్దరూ వెళ్లిపోతారు కాబట్టి, కొత్తగా వచ్చేవాళ్లకు పట్టిక ఎలా నింపాలో రాసిపెట్టే పని వాళ్లకే ఇచ్చాను. గ్రాఫును పెద్దదిగా గీయించి బోర్డు పక్కన పెట్టాక గడియారం మళ్లీ 5 నిమిషాల హద్దులోకి వచ్చింది. పొద్దున మొదటి గంటలో మాత్రం కొత్త బిల్డింగు నీడ గీతల మీద పడుతోంది. గడియారాన్ని జరపాలని నలుగురు, బోర్డు మీద "పొద్దున తొమ్మిది దాటాక చూడండి" అని రాస్తే చాలని ఇద్దరు. జరపాలంటే ఉత్తర దక్షిణాల గీత దగ్గర్నుంచి మొత్తం మళ్లీ మొదలుపెట్టాలి. నిర్ణయం వాళ్లకే వదిలేశాను.